వీపు మీద లంగరున్న డేగ: రాజార్‌హాట్ గడ్డిలో అయ్యతో ఒక ఆదివారం

ఈ డేగను మొదట చూసింది మా అయ్య. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వెదికింది నేను. మా ఇంట్లో నాన్నను అయ్య అనే పిలుస్తాం. శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె నుంచి కుర్రతనంలోనే కలకత్తా వచ్చి, ఖిదిర్‌పూర్ రేవులో ముప్పై ఏళ్ళకు పైగా క్రేన్ల దగ్గర సిగ్నల్ మనిషిగా పనిచేశాడు. క్రేన్ నడిపేవాడు ఎక్కడో పైన గదిలో కూర్చుంటాడు, ఓడ కడుపులో ఉన్న సరుకు అతనికి కనపడదు. ఓడ అంచున నిలబడి చేతులతో దారి చెప్పే మనిషే అతనికి కళ్ళు. నా చిన్నప్పుడు ఒక చలికాలం అయ్య డ్యూటీ దిగి వచ్చి, తను ఓడ డెక్కు మీద నిలబడి ఉండగా కింద నది ఒడ్డు గడ్డి మీద ఒక నలుపు తెలుపు డేగ తిరిగిందని చెప్పాడు. దాని వీపు మీద, రెక్కల దాకా చాచిన నల్లటి లంగరు గీసి ఉందట. అమ్మ పకపకా నవ్వింది. నేను మాత్రం నమ్మాను. పలక మీద లంగరున్న పక్షి బొమ్మ గీసి అయ్యకు చూపించాను కూడా.

పెద్దయ్యాక భవానీపూర్‌లో ఒక బీమా ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఆఫీసు దగ్గరే గది అద్దెకు తీసుకున్నాను. అక్కడే పక్షుల్ని చూసే బృందం ఒకటి పరిచయమైంది. వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్న పుస్తకంలో ఒక సాయంత్రం ఆ డేగ నాకు బొమ్మగా కనపడింది. మన పిల్లిగద్దల జాతిదే. చలికాలంలో ఎక్కడో ఉత్తరాన ఉన్న చలిదేశాల నుంచి వస్తుంది. ఆడది మామూలు గోధుమరంగు. మగదానికి తల, మెడ, రొమ్ము నల్లగా, పొట్ట తెల్లగా, వీపు మీద అచ్చం అయ్య చెప్పిన లంగరు. బెంగాలీలు కాపాసి అంటారు. ఆడవి అప్పుడప్పుడూ కనిపిస్తాయి కానీ మగది దొరకడం కష్టం. అప్పటి నుంచి ప్రతి చలికాలం దానికోసం తిరుగుతూనే ఉన్నాను.

వెదికిన చోటు రాజార్‌హాట్. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను: నగరానికి ఈశాన్యంగా కొత్త పట్నం కట్టడానికి తీసుకున్న పొలాలవి. పంటలు పోయాయి, ఇళ్ళు ఇంకా రాలేదు. ఆ మధ్యకాలంలో నడుమెత్తు గడ్డి పెరిగి, కనుచూపు మేర ఒకటే మైదానమైంది. ఇంత పెద్ద ఊరి పక్కన ఇంత ఖాళీ చోటు ఉండటం మొదటిసారి చూసినవాళ్ళకు నమ్మబుద్ధి కాదు.

ఇక చెప్పకుండా దాటేయాలనిపించే సంగతి. రెండు చలికాలాల కిందట మా బృందంతో పాటు అయ్యను కూడా అక్కడికి తీసుకెళ్ళాను. క్రేన్ల రొద మధ్య బతికినవాళ్ళందరి లాగే అయ్యకు చెవులు పోయాయి. తనకు వినపడదు కనుక ఎదుటివాళ్ళకూ వినపడదనుకుని గట్టిగా మాట్లాడతాడు. దారిలో లంగరు సంగతి చెబితే బృందంలో కొత్తగా చేరిన పెద్దాయన ఒకరు, "డేగ ఒంటి మీద పచ్చబొట్టా?" అన్నాడు. అందరూ మర్యాదగా నవ్వారు, నేనూ నవ్వాను. పుస్తకంలో బొమ్మ ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. గడ్డిలోకి వెళ్ళిన అరగంటకు అయ్య ఒక్కసారిగా, "అదిగో! అమ్మీ, అదిగో నా డేగ!" అని రేవులో అరిచినట్టు అరిచాడు. మేము తిరిగేలోపు గడ్డిలోంచి ఏదో లేచి, మట్టిదిబ్బ దాటి పోయింది. ఎవరూ చూడలేకపోయారు. అందరూ నావైపు చూశారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నువ్వు రాకపోయినా బాగుండేది అయ్యా" అన్నాను, మెల్లగానే. అయ్యకు వినపడదు కదా అనుకున్నాను. కానీ ముప్పై ఏళ్ళు మనుషుల్ని చూసి పనిచేసినవాడు పెదవులు చదవలేడా?

ఆ రోజు నుంచి అయ్య నాతో మళ్ళీ రాలేదు. పిలవడానికి నాకూ ధైర్యం చాలలేదు. అంతకంటే పెద్ద సంగతి, ఇంట్లో కూడా మాట తగ్గించేశాడు. ఏది కావాలన్నా చేతులే. మాకు ఆ సైగలు కొత్తవి కావు. చిన్నప్పుడు అన్నం దగ్గర కూడా వాటితోనే ఆడుకునేవాళ్ళం. చూపుడువేలు పైకెత్తి తిప్పితే పైకి లేపమని, కిందకు తిప్పితే దించమని, చెయ్యి బారచాపితే అటు తిప్పమని, ఒక అరచేతి ముందు రెండో చేతిని కదలకుండా పెడితే నెమ్మదిగా అని, రెండు చేతులూ కడుపు ముందు కలిపి పట్టుకుంటే ఎక్కడివక్కడ అన్నీ ఆపేయమని అర్థం. ఒకప్పుడు ఆట. ఈ రెండేళ్ళూ నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా అయ్య పెరుగు వద్దని చెయ్యి అడ్డం పెడితే చాలు, నేను కంచంలోంచి తల ఎత్తేదాన్ని కాదు.

ఈ జనవరిలో గడ్డి చుట్టూ కంచె స్తంభాలు పాతుతున్నారని తెలిసింది. వచ్చే చలికాలానికి లోపలికి వెళ్ళడానికి ఉండదు. శనివారం సాయంత్రం ఖిదిర్‌పూర్ వెళ్ళాను. అమ్మానాన్నలు ఇప్పటికీ రేవు వెనక సందులోనే, రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నారు. అయ్య మంచం మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. ఎదురుగా నిలబడి, వేలితో మైదానం వైపు చూపించి, రెండు చేతులూ రెక్కల్లా ఊపాను. గోళ్ళు తీసే బ్లేడు పక్కన పెట్టాడు.

"నానెందుకే?" అన్నాడు గొణిగినట్టు. "నా గొంతు పెద్దది. పిట్టలు ఎల్లిపోతాయి."

అమ్మే అందుకుంది. "మీ అయ్య నోరు తెరిసి రెండేళ్ళయిపోనాది అమ్మీ. అడుగుతావేటి? సెయ్యట్టుకుని తీసుకెల్లిపో. గొంగడి నాను సర్దుతాను." వంటింట్లోంచే అరుస్తోంది. ఆ రాత్రి అక్కడే పడుకున్నాను.

ఆదివారం మెట్రో మధ్యాహ్నానికి గాని మొదలుకాదు, కనుక తెల్లవారుజామున వెళ్ళాలంటే టాక్సీయే గతి. అయిదున్నరకు సందు చివర పసుపుపచ్చ అంబాసిడర్ టాక్సీ ఒకటి దొరికింది. మీటరు మాట ఎత్తితే పొగమంచు, ఖాళీగా తిరిగి రావాలి అంటూ డ్రైవరు రాగం తీశాడు. రెండువందల ఎనభైకి ఒప్పుకున్నాడు. బీహారు మనిషి. పార్క్ సర్కస్ మీదుగా బైపాస్ ఎక్కి, చింగ్రిఘాటా దగ్గర తిరిగి, సాల్ట్ లేక్ కాలనీ పక్కగా వెళ్ళాం. తెల్లవారని గోడల మీద పాత ఎన్నికల రాతలు, కొడవళ్ళు, చేతులు, పువ్వులు ఒకదాని మీద ఒకటి సున్నంలో కలిసిపోయి ఉన్నాయి.

"అక్కడ గడ్డి తప్ప ఏముంది దీదీ? ప్లాటు కొంటున్నారా?" అని డ్రైవరు హిందీలో అడిగాడు.

"లేదు. ఒక పిట్టను చూడాలి."

అద్దంలో అయ్యను ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. "మా ఊళ్ళో పిట్టలే వచ్చి మనల్ని చూసిపోతాయి" అన్నాడు. నవ్వాను. అయ్యకు వినపడలేదు, కిటికీలోంచి పొగమంచు చూస్తున్నాడు. ఆ కారులోనే తప్పు ఒప్పేసుకోవాలని ముందే అనుకున్నాను. "అయ్యా, ఆ రోజు..." అన్నాను. అంబాసిడర్ ఇంజిను మోత అయ్య చెవులకేం లెక్క? నావైపు తిరగనే లేదు. నేనూ ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, వినపడనందుకు కాస్త తేలికగానే అనిపించింది.

ఆరుంబావుకు సగం వేసిన రోడ్డు చివర దిగాం. తొమ్మిది దాకా మంచు విడవలేదు, కనుక కంచె పడేలోపు వెళ్ళేవాళ్ళు మరీ పొద్దున్నే పరుగెత్తనక్కర్లేదు. రోడ్డు పక్క వెదురు కర్రల మీద ప్లాస్టిక్ పట్టా కప్పిన టీ కొట్టు ఉంది. నడిపే మాలతీదీ నాకు నాలుగేళ్ళుగా తెలుసు. మట్టి ముంతలో టీ రెండు రూపాయలు, గుడ్డు వేసిన రొట్టె ఎనిమిది. అయ్య ముంతను రెండు చేతులా పట్టుకుని వెచ్చబెట్టుకుంటున్నాడు.

"కంచె వేసేస్తున్నారట కదా. మా పిట్ట ఇక రాదేమో" అన్నాను బెంగాలీలో.

మాలతీదీ పొయ్యిలో బొగ్గు ఎగదోసింది. "ఆ పెద్ద సిమెంటు గొట్టాలు పడున్నాయే, అక్కడే మా కాలీఫ్లవర్ మడి ఉండేది. మేం దున్నుకున్నన్నాళ్ళూ మీ పిట్ట రాలేదు. మడి పోయాక వచ్చింది. ఇప్పుడు అదీ పోతుంది." కోపంగా అనలేదు, గుడ్డు పగలగొడుతూ అంది. గడ్డి పోతోందని నేను రెండు వారాలుగా బాధపడుతున్నాను. అది ఎవరి పొలం మీద మొలిచిన గడ్డో ఎన్నడూ అడగలేదు. సిగ్గనిపించింది. మీరు వెళితే టీ అక్కడే తాగండి.

మంచు విడిచాక గడ్డిలోకి దిగాం. కరెంటు తీగ మీద అడవి రామదాసు ఒకటి కూర్చుని ఎర్రకళ్ళతో కిందకు చూస్తోంది. తెల్లటి చిన్న డేగ అది, గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడగలదు. పదకొండు లోపల గోధుమరంగు ఆడ కాపాసులు రెండు కనిపించాయి. గడ్డి కొసలకు జానెడెత్తులో, ఏదో పోగొట్టుకున్నదాన్ని వెదుకుతున్నట్టు అటూ ఇటూ తిరిగాయి. మగది లేదు. మధ్యాహ్నం సిమెంటు గొట్టం నీడలో అమ్మ కట్టిచ్చిన అన్నం, వంకాయ ఎండురొయ్యల కూర తిన్నాం. మూత తీయమని అయ్య సైగ, నీళ్ళని సైగ. పొద్దుటి నుంచీ ఆయన గొంతు నేను వినలేదు.

మూడు దాటాక మళ్ళీ మొదలుపెట్టాను. సాయంత్రం గడ్డిలో పడుకోవడానికి దిగే ముందు ఇవి తప్పకుండా ఒకసారి తిరుగుతాయి. నేను ఒక గొట్టం పక్కన కూర్చుని దుర్భిణి పడమటికి పెట్టాను. అయ్య లేచి, ముప్పై అడుగుల అవతల ఇంకో గొట్టం దగ్గరికి నడిచాడు. దూరంగా పోవద్దని చెయ్యి ఊపాను. దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పినంత మెల్లగా అన్నాడు: "నాను ఎదురుగుండా ఉండాల. క్రేనోడికి సిగ్నలోడు కనపడాల. నువ్వు సూడని దిక్కు నాను సూత్తాను." మళ్ళీ వెళ్ళి నిలబడ్డాడు. వీపు నిటారుగా, కాళ్ళు ఎడంగా. రేవు వదిలాక అలా నిలబడటం చూడలేదు.

నాలుగు కావస్తోంది. నేను దూరాన ఒక ఆడ కాపాసిని చూస్తున్నాను. కంటి చివర ఏదో కదిలింది. అయ్య కుడిచెయ్యి భుజానికి తిన్నగా, బారుగా చాపి ఉంది. తిప్పు, అటు. దుర్భిణి తూర్పుకు తిప్పాను. గడ్డి, ఉత్త గడ్డి. మళ్ళీ అయ్య వైపు చూశాను. చూపుడువేలు కిందకు తిరుగుతోంది. దించు. దించాను. ఏమీ లేదు. అయ్య ఎడమచెయ్యి కుడిచేతి ముందుకు వచ్చి నిలిచింది. నెమ్మదిగా. గడ్డి కొసల మీంచి అంగుళం అంగుళం దించాను. అయ్య నోరు గట్టిగా బిగబట్టి ఉంది, బుగ్గలు లోపలికి పోయేంత గట్టిగా. అరవాలని లోపల ఎంత ఉందో నాకు అర్థమైంది. అప్పుడు రెండు చేతులూ కడుపు ముందు కలిపి పట్టుకున్నాడు. అన్నీ ఆపు.

ఆపేశాను, ఊపిరి కూడా. దుర్భిణిలో వట్టి గడ్డిదుబ్బు, దాని మీద ఎండ. ఎంతసేపో తెలియదు. ఆ దుబ్బులోంచి నల్లటి తల ఒకటి పైకి వచ్చింది. పసుపుపచ్చ కన్ను. అది లేవలేదు, విప్పుకున్నట్టు గాలిలోకి వచ్చింది. నల్ల రొమ్ము, పాలలా తెల్లటి పొట్ట. గడ్డికి అడుగెత్తున నావైపే వచ్చి, గొట్టాల ముందు ఒక్క మలుపు తిరిగింది. ఎండ దాని వీపు మీద పడింది. లంగరు. భుజం నుంచి భుజానికి చాచిన నల్లటి కొంకులు, నడుమ నిలువుగా కాడ. ఎవరో కుంచెతో గీసినంత స్పష్టంగా ఉంది. నేను పలక మీద గీసిన దానికంటే అయ్య చెప్పిందే దగ్గరగా ఉంది. రెండు మూడు నిమిషాలు తిరిగి, మట్టిదిబ్బ దాటి కాలువ వైపు వెళ్ళిపోయింది.

దుర్భిణి దించితే నా కళ్ళద్దాలు తడిసి ఉన్నాయి. అయ్య చేతులు ఇంకా కడుపు ముందు కట్టుకునే ఉన్నాడు. గబగబా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"తప్పయింది అయ్యా" అన్నాను.

"ఏటి?"

"ఆ రోజు నేను అన్న మాట తప్పు."

చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. ఎండకు ఎదురుగా ఉండటంతో నా పెదవులు కనిపించలేదేమో. లేక కనిపించీ అడిగాడో, ఇప్పటికీ నాకు తెలియదు. "ఏటంటన్నావే? వినపడ్డం లేదు."

ఆ మాట రెండేళ్ళ కిందట ఎంత మెల్లగా అన్నానో గుర్తొచ్చింది. అనడానికి ఎంత చిన్న గొంతు సరిపోయింది! వెనక్కి తీసుకోవడానికి మాత్రం సరిపోవడం లేదు. ఊపిరి పీల్చుకుని, నా జన్మలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను.

"తప్పయిపోయింది అయ్యా! నువ్వు రావాలి! నువ్వు లేకపోతే నాకేమీ కనపడదు!"

గడ్డిలో ఎక్కడెక్కడో దాక్కున్న చిన్న పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. తీగ మీది అడవి రామదాసు ఎగిరిపోయింది. టీ కొట్టు దగ్గర మాలతీదీ లేచి నిలబడి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని మావైపు చూసింది. అయ్య ఆ ఎగిరిన పిట్టల్ని, నన్ను మార్చి మార్చి చూశాడు. నా భుజం మీద చెయ్యి వేసి, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా అన్నాడు:

"అరవకే అమ్మీ. పిట్టలు బెదిరిపోతాయి."

తర్వాత నవ్వాడు. నేనేమో ఏడుస్తూ నవ్వాను. "ఆ మాట నాను ఎప్పుడో ఒగ్గీసినాను. నువ్వే మోత్తన్నావు" అన్నాడు నడుస్తూ. రోడ్డు మీదకు వచ్చేదాకా చెయ్యి తీయలేదు. అక్కడ మాలతీదీని చూడగానే పాత గొంతుతో, ఆమెకు ముక్క అర్థం కాని తెలుగులో, "సూసినామమ్మా! లంగరు! మా గుంట సూసీసినాది!" అని కేకేశాడు. ఏమర్థమైందో ఏమో, ఆమె రెండు ముంతల టీ పోసి డబ్బులు వద్దంది.

తిరుగు ప్రయాణానికి టాక్సీ అక్కర్లేదు. పెద్దరోడ్డు దాకా పది నిమిషాలు నడిస్తే ఉల్టాడంగా బస్సు దొరుకుతుంది, మనిషికి ఆరు రూపాయలు. అక్కడి నుంచి ఖిదిర్‌పూర్‌కు ఇంకో బస్సు. దారి పొడుగునా అయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. బస్సులో వాళ్ళంతా తిరిగి చూశారు, చూడనివ్వండి అనుకున్నాను. ఆ డేగ వచ్చే చలికాలం ఎక్కడ దిగుతుందో నాకు తెలియదు. మాలతీదీ కొట్టు ఎక్కడికి మారుతుందో ఆమెకే తెలియదు. పంటకూ ఇంటికీ నడుమ కొన్నాళ్ళు మిగిలిన ఆ గడ్డిలో నాకు రెండు దొరికాయి. ఒకటి ఇన్ని చలికాలాలు వెదికింది. రెండోది మా ఇంట్లోనే రెండేళ్ళుగా పోగొట్టుకున్నది, దాన్ని వెదకాలని కూడా నాకు తోచలేదు.

ఇక్కడికైనా, ఇంకో గడ్డికైనా పిట్టల కోసం వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన. చెవులు వినపడనివాళ్ళో, మెల్లగా మాట్లాడటం చేతకానివాళ్ళో మీ ఇంట్లో ఉంటే వదిలి వెళ్ళకండి. బయల్దేరేముందు పైకి, కిందకు, అటు, నెమ్మదిగా, ఆపు అని అయిదు సైగలు ఖాయం చేసుకోండి. గడ్డిలోకి దిగాక, వాళ్ళ చేతులు మీకు కనపడే చోట కూర్చోండి.